అందమైనదే, అన్నంలోకి... రెండక్షరాలు

సంక్రాంతి హడావుడి అయిపోయి, కనుమ నాటి గారెల మూకుడు కూడా తోమి బోర్లించాక, మా ఇంట్లో మూడు రోజుల పాటు ఒకటే గొడవ. ఆస్తి గొడవ కాదు, అత్తాకోడళ్ళ గొడవ అంతకన్నా కాదు. గళ్ళ నుడికట్టు గొడవ.

డిగ్రీలో నాతో పాటు బి.ఏ. తెలుగు చదివిన స్నేహితురాలు ఒకామె ఇప్పుడు ఓ బళ్ళో తెలుగు టీచరు. పండగ వస్తే అందరూ వాట్సాప్‌లో ముగ్గుల ఫోటోలు పంపిస్తారు కదా, ఈవిడ మాత్రం తనే కూర్చిన ఓ గళ్ళ పజిలు పంపిస్తుంది. ఈసారి దానికి పెట్టిన పేరు 'వంటిల్లు'. అడ్డం తొమ్మిది గళ్ళు, నిలువు తొమ్మిది. "జవాబులన్నీ మన వంటింటి చుట్టూనే తిరుగుతాయి" అని పైన రాసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాను, నాకు తెలియని వస్తువేముంటుంది, అన్నం ఉడికేలోగా నింపేస్తాను అనుకున్నాను. మూడు రోజులు పట్టింది. అదీ నా ఒక్కదానివల్ల కాలేదు.

"ఇంతా చేస్తే ప్రైజేమైనా ఇస్తారా?" అన్నారు మా వారు. ఇవ్వరని చెప్పాను. "మరెందుకూ?" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్నకి ఆ రోజు జవాబు తట్టలేదు. ఇప్పుడు తట్టింది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఈ పజిళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. మామూలు పజిల్లో "మజ్జిగ చిలికేది" అని అడుగుతారు, మనం 'కవ్వం' అని రాసేస్తాం. ఈ రకం పజిల్లో అలా అడగరు. "అక్కడ మందర పర్వతం, మన ఇంట్లో? (2)" అని అడుగుతారు. పాలసముద్రాన్ని మందర పర్వతంతో చిలికారు కాబట్టి, మనింట్లో ఆ పని చేసేది కవ్వం. చివర బ్రాకెట్లో ఉన్న అంకె ఎన్ని అక్షరాలో చెబుతుంది. ఇది తేలికది. అసలు సిసలు ఆధారాల్లో రెండు ముక్కలుంటాయి. ఒక ముక్క జవాబుకి అర్థం చెబుతుంది. రెండో ముక్క ఆ మాటని ఎలా కట్టాలో, ఎలా విరవాలో చెబుతుంది. పైకి చదివితే మామూలు వాక్యంలాగే ఉంటుంది. లోపల ఉండేది వేరు.

మొదటి గళ్ళ పజిలు 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' అనే పత్రిక ఆదివారం సంచికలో వచ్చింది. ఆర్థర్ విన్ అనే ఆయన కూర్చాడు, గళ్ళన్నీ కలిపి వజ్రం ఆకారంలో ఉంటాయి. దానికి ఈ మెలికలన్నీ పెట్టింది 1920లలో ఇంగ్లండు వాళ్ళు. అక్కడ 'అబ్జర్వర్' పత్రికలో 1926 నుంచి టార్క్విమాడా అనే మారుపేరుతో ఒకాయన కూర్చేవాడు. ఆ పేరు పూర్వం స్పెయిన్లో మతం పేరిట జనాన్ని చిత్రహింసలు పెట్టిన పెద్దమనిషిది! పజిలు పూరించేవాళ్ళ అవస్థ తెలిసే ఆ పేరు పెట్టుకుని ఉంటాడు. మన తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులే ఈ గళ్ళు కూర్చారు. పొడుపు కథలు, చిత్రకవిత్వం ఉన్న భాషకి ఇది కొత్త కాదు కదా.

పైగా మనకో సదుపాయం ఉంది. ఇంగ్లీషులో గడికో అక్షరం. మనకి గుణింతంతో, ఒత్తుతో సహా ఒక గడి. అందుకని మనవాళ్ళు దీర్ఘాలతో, కొమ్ములతో, సున్నాలతో కూడా ఆడుకోవచ్చు. మా అమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియమే. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. సెలవులకి వచ్చి ఫోనులో మునిగి ఉన్న పిల్లని ఈ పజిల్లోకి లాగింది ఈ ఆధారం:

"దీర్ఘం తీయకుండా తిరగాలి, అప్పుడే పిండి రాలుతుంది (4)"

"దీర్ఘాలు తీయడం అంటే నువ్వు పని చెబితే నేను సాగదీయడమే కదమ్మా?" అంది. అవునన్నాను. "మరి దీర్ఘం అంటే అక్షరానికి ఉండేది కూడా కదా, 'తిరగాలి'లో గా కి దీర్ఘం ఉంది. అది తీయకుండా పలికితే... తిరగలి!" అని ఎగిరి గంతేసింది. నాకంటే ముందు చెప్పింది. వెంటనే దానికో అనుమానం: "తీయకుండా అంటే ఉంచమనే కదా అర్థం?" తీయడం అంటే తొలగించడం ఒకటి, రాగం తీసినట్టు సాగదీయడం ఇంకొకటి, ఇక్కడ రెండోది అని చెప్పాను. ఒక్క మాటకి ఎదురెదురు అర్థాలు రెండు ఉంటాయని అది అంతవరకూ ఎప్పుడూ ఆలోచించలేదట. తిరగలి ఎలా ఉంటుందో కూడా అప్పుడే అడిగింది. మా అత్తయ్యగారు కుర్చీలోంచే చేత్తో పిడి పట్టుకుని తిప్పినట్టు చూపించారు.

అత్తయ్యగారికి చూపు తగ్గి పత్రికలు చదవడం మానేసి రెండేళ్ళయింది. అందుకని ఆధారాలన్నీ పైకి చదవడం నా వంతు. అలా మొదలైంది ముగ్గురి కూటమి.

నా మొదటి తప్పు గురించి కూడా చెప్పాలి. "అలంకారంలో, మమకారంలో, చివరికి అధికారంలో కూడా నోరు మండించేది (2)". నోరు మండించేది, రెండక్షరాలు అనగానే 'మిర్చి' అని బాల్‌పెన్నుతో గట్టిగా రాసేశాను. అక్షరాలు సరిపోయాయి, అర్థం సరిపోయింది, ఇంకేం కావాలి? దానివల్ల దాన్ని కోసుకుంటూ వెళ్ళే నాలుగక్షరాల మాట ఒక పూటంతా తెమలలేదు. ఆ ఆధారం ఇదీ: "తెలంగాణలో 'అలా దగ్గర', తిరగేయడానికి (4)". తిరగేయడానికి అంది కదా అని ఏవేవో మాటలు వెనక నుంచి ముందుకి తిరగేసి రాసి చూశాను. మూడో అక్షరం నా 'మి' మీదుగా పోవాలి. ఏమీ కుదరదు.

చివరికి వరంగల్లు పిల్ల అయిన మా తోటికోడలికి ఫోను చేశాను. ఆధారం చదవడం పూర్తి కాకుండానే నవ్వింది. "అక్కా, అలా అంటే మేం 'అట్ల' అంటం, దగ్గర అంటే 'కాడ'. అట్లకాడ! అట్లు తిరగేసేదే కదక్కా" అంది. పెళ్ళయిన కొత్తలో ఆ అమ్మాయి 'కాడ' అన్నప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఆ రోజు నా బి.ఏ. తెలుగుకి అందనిది ఆ పిల్ల యాసకి అందింది. అట్లకాడలో మూడో అక్షరం 'కా'. అంటే నా 'మిర్చి' తప్పు. అలంకారంలో, మమకారంలో, అధికారంలో మూడింటిలోనూ దాగి ఉన్న 'కారం' కళ్ళెదురుగానే ఉంది. అలంకారశాస్త్రం చదివిన నాకు అలంకారంలో కారం కనిపించలేదు! అర్థం ముక్క చూసి తొందరపడ్డాను, మిగతా సగం చదవనే లేదు. గళ్ళకి సరిపోయినంత మాత్రాన జవాబు అయిపోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

"రోలు తల, దాని పక్కన కలి, దంచడానికి (3)". రోలు తల అంటే మొదటి అక్షరం 'రో' అని అమ్మాయి పట్టేసింది. కలి అంటే కలిపురుషుడే కదా, వాడికీ వంటింటికీ ఏమిటి సంబంధం అనుకున్నాను. అత్తయ్యగారు అందుకున్నారు. "కలి అంటే బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పులవబెట్టేవాళ్ళం కదుటమ్మా. కలి కుండ లేని ఇల్లు ఉండేదా?" అన్నారు. రో, కలి, రోకలి. దాని తర్వాతదే "రుచి ఎరుగని 'ఆ కలి' (3)". ఈసారి అమ్మాయే చెప్పింది: ఆకలి. ఆకలి రుచెరుగదు అన్న సామెత దానికి హాస్టల్లో చేరాకే అర్థమైందట.

"ఇల్లాలి బ్యాంకు, ఆవాలూ మెంతులూ కాపలా (5)". ఇది ఆడవాళ్ళెవరికైనా చెప్పకుండానే తెలిసిపోతుంది. పోపులపెట్టె. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పినప్పుడు ఎన్ని పోపులపెట్టెలు బయటపడ్డాయో మీకూ తెలుసు. మా ఇంట్లో బయటపడినవి పదకొండు వేలు. "దొంగతనంగా దాచావా?" అని మా వారు సరదాకే అన్నారు కానీ నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ డబ్బు దేనికి దాచానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాతి ఆధారం చదవగానే నా గొంతు కాస్త తగ్గింది. "కూతురు పుట్టగానే తండ్రి గుండెల మీద దీన్ని పెట్టిందెవరు? (3)".

"ఏమిటమ్మా అది?" అంది అమ్మాయి. కుంపటి అన్నాను. కుంపటి అంటే? బొగ్గులు వేసి రాజేసే పొయ్యి అన్నాను. "దాన్ని గుండెల మీద ఎందుకు పెట్టుకుంటారు?" అని అడిగింది. పెళ్ళికావలసిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే గుండెల మీద కుంపటి అంటారే అని వివరించబోయి మధ్యలో ఆగిపోయాను. ఎన్నిసార్లు విన్నాను ఈ మాట! మా నాన్న ఎంతో ప్రేమగా చూసేవారు నన్ను, ఆయన నోటి వెంట కూడా విన్నాను. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. నా కూతురికి అర్థం విడమరిచి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు రాలేదు. "అంటే నేను నాన్నకి నిప్పులపొయ్యినా?" అంది అది. పేపరు వెనక నుంచి మా వారు "ఫీజు కట్టే నెలలో మాత్రం" అన్నారు. అందరం నవ్వాం. కానీ ఆధారంలో ప్రశ్న అలాగే మిగిలిపోయింది. 'పెట్టిందెవరు?' అని అడిగింది మా స్నేహితురాలు. ఆ ప్రశ్నకి జవాబు రాయడానికి గళ్ళు ఇవ్వలేదు.

ఒక మాట మనల్ని ఎంత కాలుస్తోందో వాడినంత కాలం తెలియదు, ఎవరికైనా వివరించినప్పుడు తెలుస్తుంది. అందుకే పజిల్లో జవాబు చెప్పేసి ఊరుకోకూడదు, ఎలా వచ్చిందో చెప్పాలి అంటాను నేను. జవాబు మాత్రం చెబితే పిల్లలకి ఒక మాట వస్తుంది. వివరిస్తే ఆ మాట వెనకాల ఉన్న మనుషులు కూడా వస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో రోజు సాయంత్రం ఈ ఆధారం చదివాను: "అందమైనదే, అన్నంలోకి (2)".

అత్తయ్యగారు క్షణం ఆలోచించలేదు. "చారు" అన్నారు. ఎలాగని అమ్మాయి అడిగింది. "వరలక్ష్మీ వ్రతం కథలో చారుమతి లేదుటే? చారు అంటే సంస్కృతంలో అందమైనది అని అర్థం. మా నాన్నగారు చెప్పేవారు" అన్నారు. ఏటా ఆ కథ చదువుతాను, అక్షింతలు చేత పట్టుకుని చారుమతి పేరు ఎన్నిసార్లు పలికానో. చారుమతిలో చారు ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఓహో, అందుకా నానమ్మా, నీకు చారన్నం అంటే అంత ఇష్టం!" అంది అమ్మాయి.

"ఇష్టమేమిటే... నమలక్కర్లేదని" అన్నారు ఆవిడ. అని, వెంటనే "తర్వాతది చదువమ్మా" అన్నారు నాతో.

నేను చదవలేదు. చదవలేకపోయాను. దసరా దగ్గర్నుంచీ ఆవిడ రోజూ అంటున్న మాట అది: "నాకు చారన్నం చాలమ్మా." వంకాయ కూర వండినా అదే మాట, పప్పు చేసినా అదే మాట, అట్టు వేసినా "వద్దులే" అనే మాట. నేనేమనుకున్నానో తెలుసా? ఓసారి కూరలో ఉప్పు తక్కువైందన్నారు, ఆ తర్వాతే ఇది మొదలైంది కాబట్టి, నా వంట నచ్చక దెప్పుతున్నారు అనుకున్నాను. మా అమ్మతో ఫోనులో చెప్పుకుని బాధపడ్డాను. ఒకట్రెండు సార్లు కంచం పెట్టేటప్పుడు "మీకెలాగూ చారే కదా" అని కాస్త విసురుగానే అన్నాను. మూడు నెలలు! ఆవిడకి కింది దవడ పళ్ళు రెండు కదిలిపోయి, నమిలితే ప్రాణం పోతోంది. చెబితే డాక్టరు, ఖర్చు, తిరుగుడు అని చెప్పలేదు. సంక్రాంతికి అరిసెలు చేసి "ఒకటైనా తినండి" అని బలవంతపెట్టింది కూడా నేనే. ఆవిడ కొంగులో చుట్టి పక్కన పెట్టుకున్నారు.

మర్నాడే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు పళ్ళు తీసేశారు. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. కానీ నాకు ఆ సాయంత్రం మనసులోంచి పోలేదు. "చారన్నం చాలు" అన్నది కూడా ఒక ఆధారమే. నేను దానికి రాసుకున్న జవాబు మిర్చి. గళ్ళకి సరిపోయింది, తప్పు జవాబు.

అక్కడితో ఆగితే నేను మంచి కోడల్ని కాలేకపోయానన్న కథ అవుతుంది. నాకు తట్టింది అంతకన్నా పెద్ద సంగతి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళం ఆధారాలతోనే మాట్లాడతాం. "ఏం లేదు" అంటాం, చాలా ఉంటుంది. "మీ ఇష్టం" అంటాం, అది మన ఇష్టం కాదని ఎదుటివాళ్ళు కనిపెట్టాలి. "పండక్కి మా అన్నయ్య వాళ్ళు కొత్త ఫ్రిజ్ కొన్నారట" అంటాం. అవతలివాళ్ళకి అందకపోతే "ఇన్నేళ్ళ కాపురం, నా మనసు తెలియదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. చెప్పకుండా అర్థం చేసుకోవడమే ప్రేమ అని మనకెవరో నేర్పారు. అడిగి తీసుకుంటే దాని విలువ పోతుందని కూడా నేర్పారు.

పజిళ్ళు కూర్చేవాళ్ళకి ఒక న్యాయం ఉంది. నేను చెప్పిన అబ్జర్వర్ పత్రికలోనే, టార్క్విమాడా తర్వాత జిమెనీస్ అనే మారుపేరుతో కూర్చినాయన 1966లో ఈ న్యాయం గురించి ఏకంగా పుస్తకమే రాశాడు. ఆధారం ఎంత మెలికలు తిరిగినా ఫరవాలేదు కానీ, జవాబుకి కావలసినవన్నీ అందులో ఉండి తీరాలి. అర్థం సూటిగా ఉండాలి. పూరించేవాణ్ణి దారి తప్పించవచ్చు, మోసం చెయ్యకూడదు. చిత్రహింసల పేర్లు పెట్టుకున్నవాళ్ళే అంత న్యాయం పాటించారు! మరి మనం ఇంట్లో ఇచ్చే ఆధారాల్లో ఆ న్యాయం ఉందా?

నా సంగతే చెబుతాను. నాన్న పోయాక మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. రెండేళ్ళుగా మా వారికి నేను ఆధారాలు ఇస్తూనే ఉన్నాను. "అమ్మ ఒక్కతే ఉంటోందండీ." "నిన్న కరెంటు పోతే అమ్మ చీకట్లో కూర్చుందటండీ." నా మనసులో జవాబు ఒక్కటే, అమ్మని మన దగ్గరికి తీసుకొద్దాం అని ఆయన నోటితో అనాలి. ఆయన ఏం చేశారు? తెనాలిలో ఇన్వర్టరు పెట్టించారు. తన డబ్బుతో, తనే మనిషిని మాట్లాడి, రెండు రోజుల్లో. నేను థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు, లోపల రగిలిపోయాను. కానీ న్యాయంగా ఆలోచించండి. చీకటి, కరెంటు అని నేను ఇచ్చిన ఆధారానికి ఇన్వర్టరు కన్నా సరిపోయే జవాబు ఏముంది? ఆయన గళ్ళు సరిగ్గానే నింపారు. అర్థం ముక్క నేను ఇవ్వలేదు. పోపులపెట్టెలో దాచిన ఆ పదకొండు వేలు కూడా అంతే. అప్పట్లో నాన్న కంటి ఆపరేషనుకి పంపాలనుకున్నవి.

కొందరు అంటారు, అన్నీ నోటితో చెప్పేస్తే ఇక సంసారంలో అందమేముంది, మనసెరిగి మసలుకోవడంలో ఆనందం లేదా అని. ఉంది. కానీ పజిలు ఆనందంగా ఎందుకుంటుందంటే, అది పజిలని ఇద్దరికీ తెలుసు. కూర్చేవాళ్ళకీ తెలుసు, పూరించేవాళ్ళకీ తెలుసు. ఇంట్లో మనం ఇచ్చే ఆధారం ఆధారమని అవతలి మనిషికి తెలియనే తెలియదు. ఆడుతున్నానని తెలియని మనిషిని ఓడిపోయావని తిట్టడం ఏం న్యాయం?

అలాగని అత్తయ్యగారిని కూడా "నోరు తెరిచి చెప్పొచ్చుగా" అని తప్పుపట్టను. ఆవిడ కాలంలో కోడలు "నాకు నొప్పి" అంటే సాకు, "నాకు కావాలి" అంటే ఆశ. యాభై ఏళ్ళు మూసుకున్న నోరు ఒక్క రోజులో తెరుచుకోదు. కాబట్టి నేను పెట్టుకున్న నియమం ఇదీ. మనం చెప్పేటప్పుడు సూటిగా చెబుదాం. పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు మాత్రం ప్రతి మాటనీ ఆధారంలా వినాలి. బాల్‌పెన్ను పక్కన పెట్టి పెన్సిలు పట్టుకుని వినాలి. చెరిపి మళ్ళీ రాసుకునేందుకు చోటు ఉంచుకోవాలి.

మూడో రోజుకి ఒక్క ఆధారం మిగిలింది, సరిగ్గా గళ్ళ మధ్యలోది. "ఇంటి కొమ్ము పోయింది, ఆలు నిలిచింది, వెరసి వంటింటి మనిషి (3)". దీనికి మాత్రం నా డిగ్రీ పనికొచ్చింది. ఇల్లు, ఆలు కలిస్తే ఇల్లాలు. ఉత్వ సంధి. ఉత్తుకి అచ్చు పరమైతే సంధి అని బట్టీపట్టాం కదా. ఇల్లు చివరి కొమ్ము పోయి, ఆ చోట ఆలులోని 'ఆ' చేరుతుంది. అమ్మాయికి వివరిస్తుండగానే నాకు ఇంకో సంగతి కనిపించింది. ఇంట్లోకి ఆలు వచ్చినప్పుడు తన అచ్చు వదులుకున్నది ఇల్లు. ఆలు కాదు. ఆలు ఉన్నదున్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ నేను తలకిందులుగా అనుకున్నాను, వదులుకోవలసినదంతా మనమే అని. వ్యాకరణం అలా చెప్పలేదు. కాస్త ఇల్లు కూడా సర్దుకుంటేనే ఆ మాట ఏర్పడుతుందని చెప్పింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా వారితో చెప్పాను. "అమ్మని తెచ్చి మన దగ్గర ఉంచుకోవాలని ఉందండీ. రెండేళ్ళుగా అనుకుంటున్నాను." ఆయన కాసేపు నా మొహం చూసి, "ఈ మాట ఒక్కసారైనా అన్నావా?" అన్నారు. అనలేదు. "గది సర్దాలి, అమ్మతో ఓ మాట చెప్పాలి, ఆలోచిద్దాం" అన్నారు. ఆలోచిద్దాం అంటే? అని వెంటనే అడిగాను. ఊరికే వదిలేస్తే మళ్ళీ ఇంకో ఆధారం అవుతుందని. "ఔననే. గది ఎలాగా అనే ఆలోచన" అన్నారు.

అత్తయ్యగారు "రానీ, నాకూ తోడుంటుంది" అన్నారు. ఇక మిగిలింది మా అమ్మ. ఫోను చేసి చెబితే, "నాకు ఇక్కడే బాగుందే" అంది. ఇదివరకైతే అలిగి పెట్టేసేదాన్ని. ఈసారి "అమ్మా, రావాలని ఉండి మొహమాటపడుతున్నావా, నిజంగానే రావాలని లేదా?" అని అడిగేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వేసవిలో వస్తాలే, మామిడికాయలు పట్టుకుని" అంది. ఇది ఆధారమో జవాబో ఇంకా తేలలేదు. పెన్సిలుతోనే రాసి ఉంచుకున్నాను.

మా వారు అడిగిన ప్రశ్నకి ఇదండీ నా జవాబు. ప్రైజు ఏమీ ఇవ్వలేదు. అత్తయ్యగారికి పన్ను నొప్పి తగ్గింది, నిన్న ఆవిడే అడిగి రెండట్లు వేయించుకున్నారు.

పజిల్లో ఒక ఆధారం మీ కోసం వదిలేశాను. "కొమ్ము విరిగిన చేటు, చెరగడానికి (2)". కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి, మోసమేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళు జవాబు చెప్పాక ఇంకేమంటారో కూడా కాస్త వినండి.